రెండో దారి వెలుగు

దమయంతికి దుమ్మంటే కోపం కాదు, అసహ్యం. ఇంట్లో బల్లమీద పేరుకునే దుమ్ము సంగతి కాదు. దానికి తడిగుడ్డ చాలు. ఆమె అసహ్యించుకునేది ఆకాశంలో దుమ్మును. నక్షత్రాల మధ్య పొగకన్నా పలచగా పరుచుకుని, ఎన్నో కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి వచ్చిన గెలాక్సీల వెలుగును దారిలో కాపుకాసి సగం మింగేసి, మిగిలిన సగానికి ఎర్రరంగు పులిమి పంపే దుమ్మును. "అంత దూరం నుంచి వచ్చిన చుట్టానికి గుమ్మంలో బురద జల్లినట్టు" అనేది ఉపన్యాసాల్లో. జనం నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లన్నా ఆమెకు చిన్నచూపే. అర్థమై నవ్వుతున్నారా పాడా అనుకునేది.

అలాంటి దమయంతి దుమ్మును ప్రేమించే మనిషిని పెళ్లి చేసుకుంది.

అనంతపురం నుంచి కదిరి వెళ్లే దారిలో, చెట్టన్నది మొలవని ఒక రాళ్లగుట్ట మీద ఉన్న ఖగోళ పరిశోధన కేంద్రంలో ఇద్దరూ శాస్త్రవేత్తలు. దమయంతిది కాకినాడ. ఆమె భర్త ఓబులపతిది కదిరి పక్కన పల్లె. ఆయన పని ఒక ఉక్కుపెట్టెలో జరిగేది. పెట్టెలో గాలంతా తోడేసి, భరించలేనంత చల్లబరిచి, ఇసుకరజనూ మసీ కలిపి ఆకాశపు దుమ్ములాంటిది తయారుచేసి, దానిగుండా దీపం వెలుగు పంపి ఎంత తగ్గింది, ఏ రంగు పోయింది అని కొలిచేవాడు. పెళ్లికి ముందూ అదే పెట్టె, ఇప్పుడూ అదే పెట్టె. ఆయన గదిలోకి ఎవరూ వెళ్లరు. వెళితే ఆయన మాట ఒక పట్టాన తెమలదు. అడిగినదానికి జవాబు చెప్పే ముందు అడగనివి చెబుతాడు. ఆ సాగదీత వింటుంటే దమయంతికి అరికాళ్లు మండేవి. ఈయన్ని ఎందుకు చేసుకుందో ఆమెకు గుర్తుంది. కానీ గుర్తు చేసుకోదు.

ఆమె కట్టిన యంత్రం పేరు నిర్మలి. భూమి చుట్టూ తిరిగే 'చకోరి' అనే దూరదర్శిని కడుపులో అది కూర్చుని ఉంటుంది. దగ్గరి గెలాక్సీలను లక్షలకొద్దీ చూపించి, దుమ్ములో ఉంటే ఎలా ఉంటాయి, దుమ్ము లేకపోతే ఎలా ఉంటాయి అని ఆమె దానికి నేర్పింది. ఇప్పుడు దూరపు గెలాక్సీ వెలుగు చకోరి అద్దం మీద పడగానే నిర్మలి దాన్ని పట్టుకుని, ఇందులో దుమ్ము చేసిన నష్టం ఎంతో లెక్కకట్టి, పోయిన వెలుగును పూడ్చి, పోయిన రంగును దిద్ది కిందికి పంపుతుంది. పైనుంచి కిందికి పంపగలిగే సమాచారం కొంచెమే. అందుకని కడిగిన బొమ్మ మాత్రమే వస్తుంది; అద్దం మీద పడిన అసలు వెలుగు తాలూకు లెక్కలు అక్కడికక్కడే చెరిగిపోతాయి.

"అసలుది కూడా దాచుకుంటే మంచిది కదా?" అని మొదట్లో ఎవరో అడిగారు.

"అంట్లు తోమాక ఆ నీళ్లు దాచుకుంటామా?" అంది దమయంతి.

మొదటి బొమ్మలు వచ్చిన రోజు కేంద్రమంతా తెర ముందు మూగింది. తుప్పు మరకల్లా ఉండే గెలాక్సీలు నీలంగా, తెల్లగా, సుళ్లు తిరుగుతూ మెరిశాయి. పత్రికలవాళ్లు వచ్చారు. ధర్మవరంలో ఒక షావుకారు ఆ బొమ్మను పట్టుచీర కొంగు మీద నేయించి, డైరెక్టరు పరాంకుశం గారి భార్యకు కానుకగా పంపించాడు. పరాంకుశం గారు ఆ చీర ఫొటోను తన గదిలో గెలాక్సీల పటం పక్కనే తగిలించుకున్నాడు. ఆయన చివరిసారి సొంతంగా ఒక లెక్క చేసి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలియదు. దమయంతి ఆయనకు నమస్కారం పెట్టేటప్పుడు చేతులు కలిపేది గాని కళ్లు కలిపేది కాదు.

*

ఆ వేసవిలో ఒక సాయంత్రం భోజనాల దగ్గర ఓబులపతి తన నక్షత్రం సంగతి ఎత్తాడు.

ఆ నక్షత్రం కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. చాలా దూరాన ఒక గెలాక్సీ. దానికీ మనకూ మధ్య గెలాక్సీల పెద్ద గుంపు ఒకటి. ఆ గుంపు బరువుకి వెలుగు వంగి రెండు దారుల్లో మన దగ్గరికి వస్తుంది. అందుకని వెనకున్న గెలాక్సీ ఆకాశంలో రెండు చోట్ల కనిపిస్తుంది. కొన్నేళ్ల కిందట అందులో ఒక నక్షత్రం పేలింది. దగ్గరి దారిన వచ్చిన ఆ పేలుడు వెలుగును అందరూ చూశారు. చుట్టుదారిన బయల్దేరిన వెలుగు ఇంకా దారిలోనే ఉంది. అదే పేలుడు, అదే నక్షత్రం, రెండోసారి కనిపించబోతోంది. ఈ శ్రావణంలో ఫలానా రోజున వస్తుందని ఓబులపతి లెక్క కట్టాడు.

"మళ్లీ చూస్తే కొత్తేముంది నాన్నా?" అంది కూతురు మైథిలి. ఇంటర్ రెండో సంవత్సరం. నోరు తల్లిది.

"ఇట్ల చూడు పాపా. ఒకే ఇంట్లో నుంచి ఇద్దరు పెండ్లికి బయల్దేరినారనుకో. ఇద్దరికీ ఒకే తాను గుడ్డతో కుట్టిన తెల్లచొక్కాలు. ఒకడు తారురోడ్డున వచ్చినాడు, ఇంకొకడు మట్టిబాటన వచ్చినాడు. రెండు చొక్కాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మట్టిబాటలో ఎంత మట్టి ఉండాదో, ఎట్లాంటి మట్టో తెలిసిపోతాది గదా? నా నక్షత్రానికి చుట్టుదారి దుమ్ములో నుంచే. ఆకాశంలో దుమ్మును ఇట్ల తూకమేసి చూసే అవకాశం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. నాకు కావాల్సింది చొక్కా కాదు పాపా, దాని మీద మట్టి."

"అంటే నీకు మురికి చొక్కా కావాలి." మైథిలి తల్లివైపు చూసి నవ్వింది. దమయంతి కూడా నవ్వింది.

ఓబులపతి అన్నం కలుపుతూ భార్యతో అన్నాడు: "ఆ గెలాక్సీ ఉండే చోటు, గోరంత మేర, నిర్మలి తాకకుండా చేస్తావా? వచ్చిన వెలుగు వచ్చినట్టే పంపించమను. అదొక్కటే."

"మీ గోరంత కోసం నేను పద్ధతంతా మార్చాలి. రేపు ఇంకొకాయన వస్తాడు, నాకో వేలెడు వదలమంటాడు. పనికొచ్చే పని చేస్తున్నానండీ నేను, చుట్టాలకు వడ్డన చేయట్లేదు."

"అది కాదు దమయంతీ..."

"మీ నక్షత్రాన్ని నేనేం గాలికొదిలెయ్యలేదు. అది పేలే రోజులూ, మొదటిసారి పేలినప్పుడు ఎలా పెరిగింది, ఎలా తగ్గింది అన్నదీ మొత్తం నిర్మలికి నేర్పాను. మీకంటే బాగా గుర్తుపడుతుంది."

ఓబులపతి చెయ్యి ఆగింది. ఏదో అనబోయి, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. చూశారా, ఇంతే ఈయన, అనుకుంది దమయంతి. అడగడం చేతకాదు, అడిగాక పట్టుబట్టడం అంతకన్నా చేతకాదు.

*

శ్రావణంలో నక్షత్రం పేలింది. ఓబులపతి చెప్పిన రోజునే పేలింది.

నిర్మలి పంపిన బొమ్మలో, ఆ గెలాక్సీ రెండో రూపం అంచున, తెల్లటి చుక్క ఒకటి లేచి రోజురోజుకీ వెలుగుతూ వచ్చింది. దమయంతి పాత పేలుడు గీతనూ కొత్త పేలుడు గీతనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. రెండు గీతలు కావవి, ఒక్క గీతే అన్నట్టుగా కలిసిపోయాయి. దుమ్ము చేసిన నష్టాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా పూడ్చిందన్నమాట. పరాంకుశం గారు మైసూర్‌పాక్ పంచాడు. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తారనీ, సభ పెట్టాలనీ, ఈ విధానాన్ని ఇకమీదట అన్ని దూరదర్శినుల్లోనూ వాడతారనీ ప్రకటించాడు. ఆయన ప్రకటిస్తున్నంతసేపూ మైసూర్‌పాక్ పొడి మీసాల మీద రాలుతూనే ఉంది.

ఓబులపతి మాత్రం ఆ గీత ముందు నిలబడి కదల్లేదు.

"ఇది నాకు నచ్చలేదు" అన్నాడు మెల్లగా.

"ఏం నచ్చలేదు?"

"దుమ్ము తీసేసినా దారంటూ ఒకటి ఉంటాది గదా. ఎక్కడో ఒకచోట కొంచెం మిట్టాపల్లం ఉండాల. రెండు బాటల్లో వచ్చినోళ్లు ఇట్ల అచ్చుగుద్దినట్టు యాడుంటారు? పైగా నేను చెప్పిన రోజుకే... నా లెక్క అంత గట్టిది కాదు. నెలా రెండు నెలలు అటూ ఇటూ కావల్ల."

దమయంతికి నవ్వొచ్చింది. "జన్మకి ఒక్కసారి మీ లెక్క సరిపోయింది. దానికి కూడా ఏడుపేనా?"

చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. ఓబులపతి తల ఊపి తన పెట్టె దగ్గరికి వెళ్లిపోయాడు.

తర్వాతి వారంలో చిలీ దేశం నుంచి ఒక చిన్న ఉత్తరం కంప్యూటర్‌కి వచ్చింది. అక్కడి కొండ మీద ఏదో విశ్వవిద్యాలయం వాళ్ల పాత దూరదర్శిని ఉంది. మీరు చెప్పిన చోట మాకేమీ కనిపించలేదు, ఆకాశం తేటగానే ఉంది, మళ్లీ చూస్తాం అని రాశారు.

"ముందు వాళ్ల అద్దం తుడుచుకోమనండి" అంది దమయంతి.

వాళ్లు మళ్లీ చూశారు. మళ్లీ రాశారు. ఈసారి బొమ్మ కూడా పంపారు. మసకగా, గింజలు గింజలుగా, అందవికారంగా ఉందా బొమ్మ. నిర్మలి చూపించిన లెక్కన ఆ చుక్క ఎంత దుమ్ములో ఉన్నా, వాళ్ల మసక బొమ్మలో కూడా ఆనవాలు తగలాలి. అక్కడ ఏమీ లేదు.

దమయంతి ఆ ఉత్తరాన్ని ఎవరికీ చూపించలేదు. కాని మరునాడు పొద్దున అందరికన్నా ముందు కేంద్రానికి వెళ్లింది. చకోరికి ఆదేశాలు పంపే గదిలో ఇంజనీరు నస్రీన్ అప్పుడే వచ్చి టీ ఫ్లాస్కు మూత తిప్పుతోంది.

"నస్రీన్, చకోరి అద్దానికి మూత వెయ్యాలి."

"ఇప్పుడా మేడమ్? సర్దుబాటు పనులకైతే ముందు నిర్మలిని ఆపాలి కదా?"

"ఆపొద్దు. మూత వేసినట్టు దానికి చెప్పొద్దు. ఆ గెలాక్సీ వైపే చూస్తున్నాననుకోనీ."

నస్రీన్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, ఆదేశం పంపింది. పైన ఎక్కడో మూత పడింది. పడిందని సూచికలు చెప్పాయి. ఇప్పుడు ఆ దూరదర్శిని ముందు ఆకాశం లేదు, రేకు లోపలివైపు నలుపు మాత్రమే ఉంది.

కాసేపటికి తెరమీద బొమ్మ నిండింది.

గెలాక్సీల గుంపు. దానికి రెండు పక్కలా ఒకే గెలాక్సీ రెండు రూపాలు. రెండో రూపం అంచున తెల్లటి నక్షత్రం, నిన్నటికన్నా ఇవాళ ఎంత తగ్గాలో సరిగ్గా అంత తగ్గి, ప్రశాంతంగా మెరుస్తోంది.

"మూత సరిగ్గా పడలేదేమో మేడమ్" అంది నస్రీన్. సూచికలు మళ్లీ చూసుకుంది.

"పడింది." దమయంతి కుర్చీలో కూర్చుంది. "ఇంకో గెలాక్సీ పేరు చెప్పు దానికి. చీర మీద నేశారే, అది."

అదీ వచ్చింది. నీలంగా, సుళ్లు తిరుగుతూ, కొంగు మీద ఉన్నదానికన్నా అందంగా.

దమయంతి తెరవైపు చూస్తూ ఉండిపోయింది. గెలాక్సీ ఎర్రగా కనిపించడానికి దుమ్మే కారణం కానక్కర్లేదు. అందులో నక్షత్రాలు ముసలివైపోయినా ఎర్రగానే ఉంటుంది. చూసిన వెలుగులో తేడా పోల్చుకోలేనప్పుడు తెలియదు అని చెప్పాలి. నిర్మలికి ఆ మాట ఆమె నేర్పలేదు. మురికి ఉంటే తుడవమనే నేర్పింది. అది ముసలివాటిని కూడా తుడిచి పడుచుగా చేసి పంపింది. ఏమీ కనబడని చోట, ఏం కనబడాలని ఆమె కోరుకుంటుందో అది పంపింది. అద్దం మీద నిజంగా పడిన వెలుగేమో ఎప్పటికప్పుడు చెరిగిపోయింది. ఆ బొమ్మల్లో ఏది ఆకాశమో, ఏది తన మెప్పు కోసం అల్లిందో ఇప్పుడు తేల్చడానికి ఆధారమే లేదు.

మనుషుల్లో ఇలాంటి భజనపరులను ఆమె జీవితమంతా చీదరించుకుంది. తన చేతులతో తనే ఒకదాన్ని తయారుచేసి, ఆకాశంలో కూర్చోబెట్టింది.

*

పరాంకుశం గారు ఆమె చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు.

"మీరు బాగా అలిసిపోయారమ్మా" అన్నాడు.

"మూత వేసి ఉంది సార్. మూత వేసి ఉండగా బొమ్మ పంపింది."

"దాన్ని ఇంకోరకంగా చూడండి. చూడకుండానే చెప్పగలుగుతోందంటే మీ యంత్రం ఎంత గొప్పగా నేర్చుకున్నట్టు!"

దమయంతి ఆయన మొహంలో వేళాకోళం కోసం వెతికింది. లేదు. ఆయన మనస్ఫూర్తిగానే అంటున్నాడు.

"వచ్చే వారమే సభ" అన్నాడాయన. "పెద్దలొస్తున్నారు. ఇప్పుడు ఆపామంటే లోకమంతా నవ్వుతుంది. సభ కానివ్వండి. ఆ తర్వాత, నిదానంగా, ఎక్కడో ఒక మూల చిన్న సవరణ వేద్దాం. ఎవరు చదువుతారు?"

"అసలు పేలుడు రెండోసారి ఇంకా కనిపించలేదు సార్. ఆ వెలుగు రేపే రావచ్చు. నిర్మలి నడుస్తుంటే దాన్ని కూడా చెరిపేస్తుంది."

"మళ్లీ పేలినప్పుడు చూద్దాం లెండి."

"మళ్లీ ఉండదు. మూడో దారి లేదు."

"ఒక్క నక్షత్రమమ్మా" అన్నాడు పరాంకుశం గారు జాలిగా. "ఆకాశంలో నక్షత్రాలకు కరువా?"

ఇంతకుముందు ఆమె ఆయన్ని అసహ్యించుకునేది తీరిక దొరికినప్పుడు, సరదాగా. ఇప్పుడు ఆ బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పుకుంటున్న ఆ లావుపాటి వేళ్లను చూడలేక మొహం తిప్పుకుంది. అంతకన్నా రోత పుట్టించింది ఇంకో సంగతి. అంట్లు తోమిన నీళ్లని తాను అన్న మాటా ఈయన మాటా ఒకే గొంతులోంచి వచ్చినట్టున్నాయి.

ఇంటికి వెళ్లేసరికి ఎండ ఇంకా దిగలేదు. ఓబులపతి వంటింట్లో ఉగ్గాణికి బొరుగులు నానబెడుతున్నాడు. మైథిలి ఉల్లిపాయలు కోస్తూ ముక్కు ఎగబీలుస్తోంది. దమయంతి గుమ్మంలో నిలబడే చెప్పేసింది. చిలీ ఉత్తరం, మూత, పరాంకుశం గారి మాటలు, అన్నీ.

ఓబులపతి బొరుగులు పిండి పళ్లెంలో వేశాడు. ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు.

"మీకు ముందే తెలుసా?"

"తెలీదు. అనుమానపడినా."

"మరి చెప్పరేం?"

"చెప్పినా గదా. ఆ పొద్దు గీత ముందర నిలబడుకొని చెప్పినా. అందరూ ఉండారు. నువ్వు నవ్వితివి."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెప్పాడు, అంతే.  మైథిలి ఊరుకోలేదు.

"గట్టిగా చెప్పుండాల్సింది నాన్నా. నీకేదీ గట్టిగా చెప్పడం రాదు. అందుకే నిన్నెవరూ లెక్కచెయ్యరు."

ఆ ఒంపు, ఆ విరుపు, చివరి మాట దగ్గర పెదవి పక్కకు లాగడం కూడా దమయంతివే. పదిహేడేళ్ల మొహం మీద అవి చూస్తే ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"నాన్నతో అలా మాట్లాడకు."

"నువ్వు మాట్లాడతావుగా!" అంది మైథిలి. పిల్ల పొగరుగా కూడా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

పొయ్యి మీద నూనె వేడెక్కి పొగ వస్తోంది. ఓబులపతి మంట తగ్గించి, తిరగమాత వేసి, అటు తిరిగే అన్నాడు:

"నన్ను ఎవరు లెక్కచేస్తే ఏమి, చెయ్యకుంటే ఏమి? అది ఇంకా రాలేదంటే నా లెక్క తప్పింది. ఎంత తప్పిందో తెలీదు. రేపే రావచ్చు. నిర్మలిని ఆపించు దమయంతీ. నిన్ను నేను ఇంకేమీ అడగను."

*

సభ రోజు పొద్దున దమయంతి నస్రీన్ గదికి వెళ్లింది.

"మళ్లీ మూత వెయ్యాలి. అందరి ముందూ."

 బల్ల మీద నస్రీన్ పిల్లల ఫొటో ఉంది. ఆమె దానివైపు చూడటం దమయంతి చూసింది.

"నేను బెదిరించానని చెప్పు" అంది దమయంతి. "పై అధికారిని, ఆదేశం ఇచ్చాను, నువ్వు వద్దన్నా వినలేదు. నేనూ అదే చెప్తాను. నా నోరు ఎలాంటిదో అందరికీ తెలుసు, నమ్ముతారు."

హాలు నిండిపోయింది. పూలదండలు, శాలువాలు, ముందు వరుసలో ఢిల్లీ పెద్దలు. వాళ్ల వెనక వరుసలో గెలాక్సీ కొంగు చీర కట్టుకుని పరాంకుశం గారి భార్య. పరాంకుశం గారు నిర్మలిని గురించి మాట్లాడుతూ దానిని కట్టింది తనే అనిపించేలా మాట్లాడాడు. తర్వాత దమయంతిని పిలిచాడు.

ఆమె వెనకున్న తెరమీద ఆ క్షణాన చకోరి పంపుతున్న బొమ్మ కనిపించింది. చప్పట్లు మోగాయి.

"బాగుందా?" అని అడిగింది. మళ్లీ చప్పట్లు.

ఆమె సైగ చేసింది. తెరమీద రెండో బొమ్మ పడింది: చకోరి ఒంటికే అమర్చిన చిన్న కెమెరా తీసిన చిత్రం. దూరదర్శిని నోరు, దానికి బిగించి ఉన్న మూత.

"ఇందాక మీరు చప్పట్లు కొట్టినప్పుడు మూత ఇలాగే ఉంది. పొద్దుటి నుంచీ ఇలాగే ఉంది. చకోరి ఏమీ చూడట్లేదు."

ముందు వరుసలో ఒకాయన ఇంకా బాగా చప్పట్లు కొట్టాడు. మూత వేసినా చూడగలదని ఆయనకు అర్థమైనట్టుంది. ఆయన పక్కన కూర్చున్న నెరిసిన జుట్టు పెద్దమనిషి మాత్రం ఆయన చెయ్యి పట్టి ఆపి, ముందుకు వంగాడు.

"మరి ఈ బొమ్మ ఎక్కడిదమ్మా?"

"నాదేనండీ. నేను చూడాలనుకున్నది నాకు చూపిస్తోంది. ఇన్నాళ్లుగా మీకు చూపించినవాటిలో ఎంత ఆకాశం ఉందో, ఎంత నేనున్నానో నాకు తెలియదు. తెలుసుకునే వీలు కూడా లేదు, అసలు వెలుగు చెరిపెయ్యమన్నది నేనే కాబట్టి. ఇంకోమాట. ఈ సంగతి డైరెక్టరు గారికి వారం కిందటే తెలుసు."

"సాంకేతిక లోపం! చిన్న సాంకేతిక లోపం!" అంటూ పరాంకుశం గారు మైకు అందుకోబోయాడు. దమయంతి మైకు ఇవ్వలేదు. అంతమంది పెద్దల ముందు, శాలువా మెడలోంచి జారిపోతుండగా, ఆయన మైకు కోసం చెయ్యి చాపుకుని నిలబడ్డాడు. అలా నిలబడనిచ్చి, ఆమె తాపీగా అంది:

"నిర్మలిని ఇవాళే ఆపండి. వెలుగు ఎంత మురికిగా వస్తే అంత మురికిగా రానివ్వండి."

సాయంత్రానికి నిర్మలిని ఆపారు. మర్నాటికి దమయంతిని కూడా ఆపారు. విచారణ తేలేదాకా కేంద్రం గేటు లోపలికి రాకూడదన్నారు. పరాంకుశం గారు ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టాడు. మొన్నటిదాకా ఆకాశానికి ఎత్తిన పత్రికలే ఆమె మీద దుమ్మెత్తి పోశాయి. ఆమె అవన్నీ చదివింది. రాతలు కూడా సరిగ్గా రాయడం చేతకాదు వీళ్లకి, అనుకుంది.

తట్టుకోలేకపోయింది ఒక్కటే. ఆమె దగ్గర పరిశోధన చేసే విజయగౌరి అనే అమ్మాయి ఒకరోజు ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "నా పనంతా ఆ బొమ్మల మీదే కదా మేడమ్. ఇప్పుడు నేను మొదట్నుంచీ మొదలుపెట్టాలా?" అని అడిగింది. అవునని చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. చెప్పులు వేసుకుని, గేటు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

*

కార్తీకం వచ్చింది. నక్షత్రం రాలేదు.

ఓబులపతి రోజూ కేంద్రానికి వెళ్లి వస్తున్నాడు. దమయంతి ఇంట్లో ఉంటోంది. ఎదురుచూడటం ఆమెకు అలవాటు లేని పని. అసలది ఎప్పుడో వచ్చి వెళ్లిపోయిందేమో, నిర్మలి దాన్ని కూడా తుడిచేసి తన కట్టుకథను అక్కడ పెట్టిందేమో అన్న భయం పొద్దున లేవగానే పట్టుకునేది. ఓబులపతి కూడా అదే భయపడుతున్నాడని ఆమెకు తెలుసు. ఆయన ఒక్కరోజు కూడా ఆ మాట అనలేదు. ఇదివరకైతే ఆ మౌనాన్ని చేతకానితనం అనేది.

ఒకరోజు మధ్యాహ్నం స్కూటర్ చప్పుడయింది. ఆ వేళకు ఆయన ఎప్పుడూ రాడు. తలకు హెల్మెట్, చంకలో లాప్‌టాప్. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వచ్చి భోజనాల బల్ల మీద పెట్టి తెరిచాడు. సెలవని ఇంట్లో ఉన్న మైథిలి గదిలోంచి వచ్చింది.

తెరమీద ఒక మరక. దాని పక్కన ఇంకో మరక. రెండో దాని అంచున, బాగా కళ్లు చిట్లించి చూస్తే, నలుసంత చుక్క.

"వచ్చింది" అన్నాడు ఓబులపతి. హెల్మెట్ లోపల మాట గుడుగుడుమంది. "నాలుగు రోజులుగా వస్తాండాది. ఈ పొద్దు ఖాయం చేసుకున్నాం. చిలీ వాళ్లకూ కనపడిందంట."

దమయంతి ముందుకు వంగింది. అలవాటుగా రంగులు చూసింది. దుమ్ము నీలాన్ని ఎక్కువ మింగుతుంది, ఎరుపును తక్కువ. కాబట్టి ఈ చుక్క మొదటిసారికన్నా ఎర్రగా ఉండాలి. ఎంత ఎర్రగా ఉండాలో ఓబులపతి ఆ ఉక్కుపెట్టెలో కొలిచి కొలిచి చెప్పాడు. ఆమె అంకెలు రెండుసార్లు చూసుకుంది. చుక్క బాగా తగ్గి ఉంది. కాని ఎర్రగా లేదు. అన్ని రంగులూ ఒకేలా తగ్గి, బూడిదగా ఉంది.

"ఇది మీరు చెప్పినట్టు లేదే?" అంది.

"లేదు గదా!" అన్నాడాయన. "నేను చెప్పినట్టు ఏ మాత్రమూ లేదు. ఎరుపు, నీలం అన్నిట్నీ ఒకే మాదిరి మింగిందంటే రేణువులు పెద్దవి. నేను చేసినవాటికన్నా శానా పెద్దవి. అక్కడ దుమ్ము నా పెట్టెలో దుమ్ము కాదు దమయంతీ. వేరే ఏందో. అది ఎట్ల అంత పెద్దగా పెరిగిందో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు."

"అంటే, ఇన్నేళ్లూ మీరు ఆ పెట్టెలో కొలిచినదంతా..."

"ఈ దారికి పనికి రాదు. తప్పే. శానా మట్టుకు తప్పే."

ఆయన నవ్వుతున్నాడు. బలవంతపు నవ్వు కాదు. మొహమంతా విప్పారిన నవ్వు. పెళ్లికి ముందు ఆమె చూసిన నవ్వు. జీవితమంతా పెట్టిన పని తప్పని తేలిన మనిషి అలా నవ్వుతుంటే అనడానికి ఆమె దగ్గర మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. నాలిక చివరికి ఒకటి వచ్చింది కూడా. అది అక్కడే ఆగిపోయింది. నిర్మలి తప్పని తేలిన పొద్దున తాను ఆ కుర్చీలో ఎలా కూర్చుండిపోయిందో గుర్తొచ్చింది. ఈయనకు ఉన్నదేదో తనకు లేదు. ఆమెకు మొట్టమొదటిసారి భర్తను చూస్తే అసూయ కలిగింది.

మైథిలి బల్ల మీదికి వంగి చూసి పెదవి విరిచింది.

"ఇదా? దీనికోసమా ఇంత గొడవ? సరిగ్గా కనిపించను కూడా కనిపించట్లేదు."

"కనిపించదు" అంది దమయంతి. "కుర్చీ లాక్కుని కూర్చో. నాన్న చెప్తాడు."

"నాన్న చెప్తే చాలాసేపవుతుంది."

"కానీ."

ఆమె లేచి, భర్త గడ్డం కింద హెల్మెట్ పట్టీ విప్పింది. చెమటకు తడిసిన జుట్టుతో, ఏం జరుగుతోందో తెలియక, ఆయన మాట మధ్యలో ఆపి ఆమెవైపు చూశాడు. ఆమె హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి, ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

"మొదట్నుంచీ చెప్పండి" అంది.